ప్లేటు పట్టుకుని ఏ టేబుల్ దగ్గరికి?

లా కాలేజీలో చేరిన మొదటి నెలలో ఒక సీనియర్ నా చేతిలో 'వన్ ఎల్' పెట్టింది. పుస్తకం కాదు, ఫొటోకాపీ. స్పైరల్ సగం ఊడిపోయి, మధ్యలో రెండు మూడు పేజీలు తలకిందులుగా పడి, అంచుల్లో నాకంటే ముందు చదివిన నలుగురైదుగురి గీతలతో ఉంది. "ఇది చదివేయ్, తర్వాత నీకు కొత్తగా భయపడటానికి ఏమీ మిగలదు" అంది. రెండు రాత్రుల్లో చదివేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, లా స్కూల్ మీద మంచి పుస్తకం ఏదని ఎవరడిగినా ఆలోచించకుండా ఆ పేరే చెప్పేదాన్ని.

ఈమధ్య మళ్ళీ చదివాను. ఈసారి కొనుక్కున్న పుస్తకం, పేజీలన్నీ సవ్యంగానే ఉన్నాయి. కానీ చదువుతున్నంతసేపూ ఒకటే ప్రశ్న. వీళ్ళు తిండి ఎక్కడ తింటున్నారు? ఎవరి పక్కన కూర్చుని తింటున్నారు?

వెటకారానికి అడగడం లేదు. ఐదేళ్ళు క్యాంపస్‌లో ఉండి చదివినదాన్ని. నేను నేర్చుకున్న 'లా'లో సగం క్లాసులో నేర్చుకున్నది కాదని నాకు తెలుసు. మళ్ళీ చదవడానికి కారణమైన ఇంకో పుస్తకం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

స్కాట్ టురో ఇప్పుడు కోర్టు థ్రిల్లర్ల రచయితగా అందరికీ తెలుసు. 1975లో హార్వర్డ్ లా స్కూల్లో చేరేనాటికి మాత్రం స్టాన్‌ఫర్డ్‌లో రచన గురించి పాఠాలు చెప్పుకుంటున్న కుర్రవాడు, పెళ్ళయినవాడు. అక్కడ మొదటి ఏడాది విద్యార్థిని 'వన్ ఎల్' అంటారు. ఆ ఒక్క ఏడాదినే పుస్తకంగా రాసి 1977లో అచ్చు వేయించాడు. నూట నలభై మంది ఉన్న సెక్షన్. కాంట్రాక్ట్స్ చెప్పే పెరీనీ అనే ప్రొఫెసర్, అది మార్చి పెట్టిన పేరే. సోక్రటిక్ పద్ధతి పేరుతో అతను ఒకణ్ణి పేరు పెట్టి పిలిచి, అందరి ముందూ ప్రశ్న మీద ప్రశ్న వేసి ఆరేస్తాడు. ఈ భాగాలు ఇప్పటికీ గొప్పగానే ఉన్నాయి. పేరు పిలుస్తారేమోనని తల దించుకుని, పెన్ను కిందపడినట్టు నటించినవాళ్ళెవరికైనా ఆ పేజీల్లో చెమట వాసన తెలుస్తుంది.

టురో నిజాయితీ కూడా తక్కువేం కాదు. పరీక్షలు దగ్గరపడి, స్టడీ గ్రూపు తయారు చేసుకున్న నోట్సు ఎవరితో పంచుకోవాలి, ఎవరితో వద్దు అనే మాట వచ్చినప్పుడు, మిగతావాళ్ళకంటే తనకే ఎక్కువ మార్కులు రావాలన్న కోరిక తనలో ఎంత పచ్చిగా ఉందో చూసుకుంటాడు. శత్రువు పెరీనీ కాదు, లోపలే ఉన్నాడు అని తెలుసుకోవడమే ఆ పుస్తకానికి వెన్నెముక.

అయితే సాయంత్రమయ్యేసరికి టురో ఆర్లింగ్టన్‌లో ఉన్న ఇంటికి వెళ్ళిపోతాడు. అక్కడ భార్య ఉంటుంది. ఆ ఇల్లూ నలిగిపోతుంది, కాదనను. కానీ అది ఇద్దరి మధ్య నలుగుడు. రాత్రి ఒంటిగంటకి కారిడార్‌లో ఎవరు ఎవరి తలుపు కొడుతున్నారు, ఎవరి తలుపు ఎవరూ కొట్టడం లేదు అన్నది అతనికి తెలిసే వీలే లేదు. అతని లా స్కూల్‌కి రాత్రి లేదు. అందుకే అందులో భయమంతా ర్యాంకు గురించిన భయం. లోపలికి వచ్చాక అందరూ ఒకే గీత మీద నిలబడ్డారని, ఇక పోటీయే మిగిలిందని ఆ పుస్తకం నమ్ముతుంది. ఫొటోకాపీ చదివిన రోజుల్లో నేనూ నమ్మాను.

రాత్రి ఉన్నది 'ది పేపర్ చేజ్'లో. జాన్ జే ఆస్బర్న్ జూనియర్ నవల 1971లో వచ్చింది, జేమ్స్ బ్రిడ్జెస్ తీసిన సినిమా 1973లో. మన దగ్గర ఆ నవల చదివిన లా స్టూడెంట్లు అరుదు. సినిమా మాత్రం ఏదో ఒక హాస్టల్ గదిలో, ఒక లాప్‌టాప్ చుట్టూ ఏడెనిమిది మంది ఇరుక్కుని చూసినవాళ్ళే ఎక్కువ. అందరికీ గుర్తుండేది ప్రొఫెసర్ కింగ్స్‌ఫీల్డ్. ఆ పాత్రకి జాన్ హౌస్‌మన్‌కి ఆస్కార్ వచ్చింది. హార్ట్‌ని ముందుకి పిలిచి, చేతిలో చిల్లర పెట్టి, నువ్వు లాయర్ అయ్యేది అనుమానమేనని మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పుకోమనే సీను మా బ్యాచ్‌లో అందరూ నటించి చూపించేవాళ్ళు.

నాకు మాత్రం అంతకంటే బాగా గుర్తున్నది స్టడీ గ్రూపు ఒక్కొక్కరుగా చెదిరిపోవడం. బెల్ అనేవాడు తన ఔట్‌లైన్‌ని బంగారంలా దాచుకుని ఎవరికీ ఇవ్వనంటాడు. కెవిన్‌కి చదివింది చదివినట్టు గుర్తుంటుంది, కానీ ఆ జ్ఞాపకశక్తి అక్కడ చెల్లని నాణెం. అతను కుంగిపోతుంటే మిగతావాళ్ళు చూసీ చూడనట్టు పక్కకి తప్పుకుంటారు. దర్శకుడు ఆ తప్పుకోవడాన్ని బాగా పట్టుకున్నాడు. తర్వాత కెమెరా కూడా తప్పుకుని హార్ట్ వెంట వెళ్ళిపోవడమే నాకు నచ్చనిది. చివర్లో హార్ట్ తన మార్కులు వచ్చిన కవరు విప్పకుండానే కాగితం విమానం చేసి సముద్రం మీదికి విసిరేస్తాడు.

ఆ రాత్రి మా గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నా రూమ్మేట్ ఒక్కతే నా వైపు తిరిగి, మెల్లిగా, "మరి ఈడి స్కాలర్‌షిప్పేటవుద్ది?" అంది.

ఏమంది ఏమంది అని పక్కవాళ్ళు అడిగారు. నేనే ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తనూ నవ్వింది.

ఆ సినిమా మీద నేను ఈనాటిదాకా చదివిన వ్యాసాల్లో అంత సూటైన విమర్శ ఇంకొకటి లేదు. మార్కులు చూసుకోకుండా విసిరేయడం స్వేచ్ఛ అయ్యేది, ఆ మార్కుల మీద వచ్చే ఏడాది ఫీజు ఆధారపడనివాడికే. హార్ట్ ఏ డబ్బుతో చదువుతున్నాడన్నది ఆ సినిమాకి పట్టలేదు. పట్టి ఉంటే ఆ ముగింపు నిలబడేది కాదు. ఇది నేను చెప్పగలిగిన మాటే, ఆ రోజు చెప్పలేదు. అనువాదకురాలిగా ఉండిపోయాను.

లాయర్ల తయారీలో తిండికి ఉన్న చోటు నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. లండన్‌లో బారిస్టర్ కావాలంటే పరీక్షలతో పాటు ఇన్‌లో లెక్క ప్రకారం భోజనాలు చేయాలన్నది ఒకప్పటి నియమం. గాంధీ ఇన్నర్ టెంపుల్‌లో 1888లో చేరి 1891లో పట్టా పుచ్చుకునేదాకా ఇదే పని చేశాడు. మూడేళ్ళలో పన్నెండు టర్ములు, టర్ముకి ఇరవై నాలుగు విందుల్లో కనీసం ఆరింటికి హాజరు. ఆత్మకథలో దీని గురించి రాసిన అధ్యాయం చదివితే, ఈ భోజనాలకీ న్యాయవాదానికీ సంబంధం ఏమిటో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదని తెలుస్తుంది. నలుగురికి కలిపి రెండు సీసాల వైన్ ఇచ్చేవాళ్ళు కాబట్టి, తాగని గాంధీ తమ టేబుల్ దగ్గరే కూర్చోవాలని తోటి విద్యార్థులు పోటీ పడేవాళ్ళట. ఒక శాకాహారికి విందులో ఇంత గిరాకీ ఉండటం న్యాయశాస్త్ర చరిత్రలో అదే మొదలనుకుంటాను.

కానీ ఆ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది, నవ్వులో కొట్టుకుపోతుంది. పూర్వం విద్యార్థులు కొద్దిమందే ఉన్నప్పుడు పెద్ద లాయర్లూ వాళ్ళూ దగ్గరగా మసిలేవాళ్ళు, విందుల్లో ఉపన్యాసాలూ ఉండేవి. తన కాలానికి పెద్దవాళ్ళకి వేరే టేబుల్ వచ్చేసింది అంటాడు. మొత్తం విషయం అదే. టేబుల్ వేరు పడ్డాక మిగిలింది తిండి మాత్రమే.

మనకి తెలుగులో లా స్టూడెంట్ అనగానే గుర్తొచ్చేది ఇప్పటికీ పార్వతీశమే. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది, అంటే నూరేళ్ళు దాటింది. మొగల్తూరు కుర్రాడు ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని ఓడెక్కడం, ముళ్ళూ కత్తులతో కుస్తీ పట్టడం చదివి నవ్వనివాళ్ళు ఉండరు. నేను చిన్నప్పుడు మా తాతగారు పైకి చదువుతుంటే విన్నాను. ఆ నవ్వు మనకెందుకు తప్పుగా అనిపించదు? కథ చెప్తున్నది పార్వతీశమే కాబట్టి. ఎంతవరకు నవ్వాలో, ఎక్కడ ఆగాలో అతని చేతిలోనే ఉంది. తన అమాయకత్వానికి హక్కుదారు తనే. మా గదిలో ఆ రాత్రి నవ్వు అలాంటిది కాదు.

ఆ గది ఎలాంటిదో కొంచెం చెప్పాలి. మన దేశంలో నేషనల్ లా యూనివర్సిటీల నమూనా బెంగళూరులో మొదలైంది. మాధవ మీనన్ చేతుల మీదుగా 1988లో అక్కడ మొదటి బ్యాచ్ చేరింది. హైదరాబాద్ నల్సార్ 1998లో వచ్చింది, శామీర్‌పేటలో ఉంటుంది. విశాఖ వైపు సబ్బవరంలో ఇంకొకటి. నేను చదివింది ఏదన్నది ఇక్కడ అనవసరం, ఈ విషయంలో అన్నీ ఒక్కటే. ఇంటర్ అయిన పిల్లల్ని ఐదేళ్ళ కోర్సులో చేర్చుకుని, ఊరికి దూరంగా, ప్రహరీ లోపల ఉంచుతారు. అక్కడే క్లాసు, అక్కడే తిండి, అక్కడే ప్రేమలు, అక్కడే జ్వరాలు. పాత పద్ధతిలో, ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో డిగ్రీ అయ్యాక మూడేళ్ళ లా చదివేవాళ్ళకి లోకం అప్పటికే కొంత తెలిసి ఉంటుంది. కొందరు ఉద్యోగం చేస్తూ చదువుతారు, కొందరికి పిల్లలుంటారు. మేం పద్దెనిమిదేళ్ళవాళ్ళం. మాకు లోకం అంటే మెస్.

మెస్ అంటే చిన్నచూపు వద్దు. రాజ్యాంగంలోని పద్నాలుగో అధికరణాన్ని నేను మొదటిసారి నిజంగా వాడింది హాస్టల్ కర్ఫ్యూకి వ్యతిరేకంగా రాసిన పిటిషన్‌లో. అబ్బాయిల హాస్టల్‌కి లేని టైము మాకెందుకని. సహజ న్యాయసూత్రాల మీద నేను విన్న అతి గొప్ప వాదన మెస్ కమిటీ మీటింగులో, పనీర్ కాంట్రాక్టు గురించి. మెస్ కమిటీ ఎన్నికలకి జరిగినంత ప్రచారం స్టూడెంట్ కౌన్సిల్‌కి కూడా జరిగేది కాదు. అవుట్‌పాస్ పుస్తకం దగ్గర వాచ్‌మన్ అన్నతో బేరాలాడి గెలిచినవాళ్ళే తర్వాత కోర్టుల్లో మంచి క్రాస్ ఎగ్జామినర్లు అయ్యారు. ఇదంతా సరదాగా రాయొచ్చు. క్యాంపస్ జ్ఞాపకాలు రాసేవాళ్ళందరూ ఇదే సరదాగా రాస్తారు, నేనూ రాశాను ఒకప్పుడు, మా కాలేజీ మ్యాగజైన్‌లో.

అందులో నేను రాయనిది ఏమిటంటే టేబుళ్ళ సంగతి. ఏ నోటీసు బోర్డు మీదా ఉండదు గానీ రెండో నెలకల్లా అందరికీ తెలిసిపోతుంది. మూట్ కోర్టు వాళ్ళది కిటికీ పక్క టేబుల్. డిబేటర్లది దాని వెనకది. ఢిల్లీ, ముంబై స్కూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, తండ్రో మేనమామో సీనియర్ అడ్వొకేట్ అయినవాళ్ళు ఒకచోట. చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా, లైటు సరిగ్గా వెలగని మూలన ఇంకో టేబుల్. ఆ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్ళ మెరిట్ లిస్టు కూడా వేరుగా ఉండేదని, వాళ్ళ ర్యాంకులు అందరికీ నోటికి వచ్చని చెప్తే, ఇక విడమరిచి చెప్పక్కర్లేదు.

క్లాట్ పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. జిల్లా పరిషత్ స్కూల్లో చదివిన పిల్లకి ఆ గోడ దాటడమే ఒక జీవితం. ఆ గోడ దాటించడానికి షమ్నాద్ బషీర్ 2010లో ఐడియా అనే సంస్థ మొదలుపెట్టాడు. పేద ఇళ్ళ పిల్లలకి కోచింగ్ ఇచ్చి లా యూనివర్సిటీల్లో చేర్పించడం దాని పని. ఆయన 2019లో పోయాడు, పని ఇంకా నడుస్తోంది. నా రూమ్మేట్ దాని ద్వారా రాలేదు, వాళ్ళ ఊరి లైబ్రరీలో పాత పేపర్లు చదువుకుని వచ్చింది. గేటు దాటించేవాళ్ళున్నారు, మంచిదే. గేటు నుంచి టేబుల్ దాకా ఉన్న దూరం మాత్రం ఎవరి పనీ కాదు.

ఇప్పుడు ఆ ఇంకో పుస్తకం. 'ఎ మ్యాటర్ ఆఫ్ బ్లాక్ అండ్ వైట్', ఏడా లోయిస్ సిప్యూయెల్ ఫిషర్ ఆత్మకథ. 1996లో, ఆమె పోయిన మరుసటి ఏడాది వచ్చింది. 1946 జనవరిలో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, ఓక్లహోమా యూనివర్సిటీ లా స్కూల్‌కి దరఖాస్తు పెట్టింది. నల్లజాతి అమ్మాయి కాబట్టి కాదన్నారు. థర్గూడ్ మార్షల్ ఆమె తరఫున వాదించాడు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు, తెల్లవాళ్ళకి ఎలా చదువు చెప్తున్నారో ఆమెకీ అలాగే ఏర్పాటు చేయాలని చెప్పింది. రాష్ట్రం ఏం చేసిందంటే, రోజుల వ్యవధిలో క్యాపిటల్ భవనంలో గదులు సర్ది, ఇదిగో నీకోసం వేరే లా స్కూల్ అంది. ఆమె వెళ్ళలేదు. 1949లో చివరికి అసలు లా స్కూల్లోనే చేర్చుకున్నారు.

మామూలుగా ఇలాంటి కథలు ఇక్కడితో ముగుస్తాయి. కేసు గెలిచింది, తలుపు తెరుచుకుంది. ఫిషర్ కథలో నన్ను పట్టుకున్నది తలుపు తెరుచుకున్న తర్వాతిది. క్లాసులో ఖాళీ వరసల వెనక, చెక్క కమ్మీ అవతల, ఆమెకి విడిగా ఒక కుర్చీ. దానికి 'కలర్డ్' అని బోర్డు. కెఫెటేరియాలో గొలుసు కట్టి వేరు చేసిన చోట, కాపలా మధ్య ఆమె తినాలి. కాపలావాళ్ళు లేనప్పుడు కొందరు తెల్ల విద్యార్థులు ఆ గొలుసు కిందనుంచి దూరి వచ్చి ఆమె పక్కన కూర్చుని తినేవాళ్ళు.

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళి వచ్చాను.

అదే యూనివర్సిటీలో మెక్‌లారిన్ అనే పెద్దాయన పరిశోధక విద్యార్థి. ఆయనదీ ఇదే పరిస్థితి: క్లాసులో వేరే కుర్చీ, లైబ్రరీలో వేరే బల్ల, కెఫెటేరియాలో వేరే టేబుల్. ఆయన కేసు, టెక్సస్ లా స్కూల్‌లో సీటు కోసం హీమన్ స్వెట్ వేసిన కేసు, రెండింటికీ సుప్రీంకోర్టు తీర్పులు ఒకే రోజు వచ్చాయి, 1950 జూన్ 5న. స్వెట్ తీర్పుని మాకు ఈక్వాలిటీ పాఠంలో చెప్పారు. నేను దాన్ని అంకెల తీర్పుగా గుర్తుపెట్టుకున్నాను. తెల్లవాళ్ళ లా స్కూల్లో 850 మంది విద్యార్థులు, 65,000 పుస్తకాలు. నల్లవాళ్ళ కోసం పెట్టినదానిలో 23 మంది, 16,500 పుస్తకాలు. కాబట్టి సమానం కాదు. పరీక్షలో అదే రాశాను, మంచి మార్కులే వచ్చాయి.

ఫిషర్ చదివాక మళ్ళీ తీసి చూస్తే, ప్రధాన న్యాయమూర్తి విన్సన్ అంకెల దగ్గర ఆగలేదు. లా స్కూల్ అంటే పుస్తకాలూ గదులూ లెక్కపెట్టి తేల్చేది కాదంటాడు. రేపు ఎవరితో కోర్టులో తలపడాలో, ఎవరు జడ్జీలూ సాక్షులూ అవుతారో, వాళ్ళతో కలిసి మాట్లాడుతూ వాదించుకుంటూ తప్ప ఆ వృత్తి నేర్చుకోలేరంటాడు. వాళ్ళ నుంచి విడదీసిన చోట లా చదువు లేదని. నేను ఐదేళ్ళు ఆ టేబుళ్ళ మధ్య తిరుగుతూ ఈ తీర్పు చదివాను. దానికీ మెస్‌కీ సంబంధం ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు.

నేను మూట్ కోర్టు టేబుల్ దగ్గర కూర్చునేదాన్ని. హైదరాబాద్‌లో కాన్వెంట్ చదువు, ఇంగ్లిష్ బానే వచ్చు, రెండో ఏడాదికే టీములో తీసుకున్నారు. రాత్రిళ్ళు గదిలో మాత్రం నేనూ నా రూమ్మేటూ తెలుగే. తను మాట్లాడితే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చేది. టార్ట్స్ కేసులన్నీ తనకి నేను తెలుగులో చెప్పేదాన్ని. సీసాలో నత్త ఉన్న కేసుని తను "నత్తమ్మ కేసు" అనేది. తిరిగి నాకు తను భూమి తగాదాల గురించి చెప్పేది, పాస్‌బుక్కులు, సర్వే రాళ్ళు, వాళ్ళ నాన్న ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు. ఆస్తి చట్టంలో నాకు ఇప్పటికీ పనికొస్తున్నది అదే.

ఒక రాత్రి మెస్‌లో మూట్ మెమోరియల్ గురించి పెద్ద చర్చ నడుస్తోంది. నా పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. తను ప్లేటు పట్టుకుని వచ్చి ఆ కుర్చీ వెనక నిలబడింది. "ఒలే, ఇక్కడ కూసోనా?" అంది. గదిలో నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేది. టేబుల్ దగ్గర ఒకడు తలెత్తి చూశాడు. నేను వెనక్కి తిరక్కుండా, చెప్తున్న ఇంగ్లిష్ వాక్యం పూర్తి చేశాను. పెద్ద వాక్యం కూడా కాదు. పూర్తయ్యాక తిరిగి చూస్తే అక్కడ లేదు. చేతులు కడుక్కునే చోటు పక్కన కూర్చుని తింటోంది.

గదికి వచ్చాక ఇద్దరం ఏమీ అనుకోలేదు. ఆ రాత్రి కూడా తెలుగులోనే మాట్లాడుకున్నాం. కాకపోతే మెస్‌లో తను మళ్ళీ నా టేబుల్ వైపు రాలేదు, ఐదేళ్ళు అయ్యేదాకా. అక్కడ గొలుసు లేదు, కాపలా లేదు, బోర్డు లేదు. దూరి వెళ్ళడానికి నాకు వంగాల్సిన పని కూడా లేదు. లేచి ప్లేటు తీసుకుని పదిహేను అడుగులు నడిస్తే సరిపోయేది.

'వన్ ఎల్' మీద నా ఫిర్యాదు ఇప్పుడు కొంచెం సరిచేసుకుని చెప్పాలి. టురో చూసింది తప్పు కాదు. తన పక్కవాడికంటే తను పైకి రావాలన్న కోరికని అతను చూశాడు, దాన్ని శత్రువు అన్నాడు. నా విషయంలో శత్రువు అంత ఘనమైనదేం కాదు. నాకు ఎవర్నీ దాటాలని లేదు. ఉన్నచోట నుంచి లేవడం ఇష్టం లేదు, అంతే. ఆ భావానికి పేరు పెట్టిన లా స్కూల్ పుస్తకం నాకు కనబడలేదు. ఫిషర్ పుస్తకంలో కూడా గొలుసు దూరి వచ్చినవాళ్ళు కనిపిస్తారు గానీ, అవతల తమ టేబుల్ దగ్గర కూర్చుని మామూలుగా తింటూ ఉన్న మిగతా వందల మంది ఏమనుకున్నారో వాళ్ళే ఎవరైనా రాయాలి. వాళ్ళు రాయరు. రాస్తే 'వన్ ఎల్' రాస్తారు.

తెలుగులో ఇలాంటి పుస్తకం రావాల్సిన అవసరం ఉంది. కోర్టు మనకి బాగా తెలుసు. రావిశాస్త్రి కోర్టు వరండాలని, సారా కేసుల్ని, ప్లీడర్ల నాలుకల్ని మనకి ఇచ్చిపోయాడు. హాస్టల్ కూడా తెలుసు, సంక్షేమ హాస్టళ్ళ నుంచి వచ్చిన కథలు, కవిత్వం మన దగ్గర బలంగానే ఉన్నాయి. కానీ ఆ వరండాలోకి వెళ్ళబోయేవాళ్ళు ఒకరి పక్కన ఒకరు ఎలా తిన్నారు, ఎలా తినలేదు అన్నది లేదు. ఆ పుస్తకం నా రూమ్మేట్ రాస్తే చదవాలని ఉంది. పార్వతీశంలా తన కథ తనే చెప్తే, ఎక్కడ నవ్వాలో తనే నిర్ణయిస్తే. అందులో నేను ఎన్ని పేజీలు ఉంటానో, ఎలా ఉంటానో తెలుసుకోవాలని కూడా ఉంది, భయం కూడా ఉంది.

ఇప్పుడు తను సొంత జిల్లాలోనే ప్రాక్టీసు చేస్తోంది, ఎక్కువగా భూమి కేసులు. అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడుకుంటాం, ఏదైనా సర్వే నంబర్ల చిక్కు వస్తే నేనే అడుగుతాను. ఫిషర్ పుస్తకం కొని పంపించాను. లోపల ఏమీ రాయలేదు, ఏం రాయాలో తెలియలేదు. వారం తర్వాత గొలుసు ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టి, కింద మెసేజ్ చేసింది: "అలా దూరి వచ్చినోళ్ళు ఆళ్ళ ప్లేట్లు కూడా తెచ్చుకునేవోరా, లేపోతే ఈమె దాంట్లోనే తినీసేవోరా?"

నేను గమనించలేదు. చూసి చెప్తానన్నాను.